కంప్యూటర్‌లో సంగీతం: ధ్వని నాణ్యతలో సాఫ్ట్‌వేర్ పాత్ర ఎంత?

క్యాసెట్లు, సీడీలు అటకెక్కిన తరువాత అనేక ఇళ్లలో సంగీత భాండాగారం కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లోకి చేరింది. కర్ణాటక సంగీత కచేరీ అయినా, పాత సినిమా పాట అయినా దానిని వినిపించేది ఒక సాఫ్ట్‌వేర్ ప్లేయర్. వీటిలో కొన్ని పూర్తిగా ఉచితం కాగా, మరికొన్నింటికి ధర లేదా చందా చెల్లించాలి. ఖరీదైన ప్లేయర్‌తో పాట మరింత స్వచ్ఛంగా వినిపిస్తుందన్న నమ్మకం శ్రోతల్లో ఉంది. అందులో నిజమెంత, డబ్బు దేనిపై వెచ్చిస్తే ప్రయోజనం అన్నది పరిశీలించదగిన విషయం.

అంకెలుగా మారిన నాదం

డిజిటల్ సంగీతంలో ధ్వని తరంగాన్ని సెకనుకు వేల సార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా భద్రపరుస్తారు. 1982లో మార్కెట్‌లోకి వచ్చిన సీడీలో ఒక్కో ఛానల్‌కు సెకనుకు 44,100 కొలతలు ఉంటాయి. ఒక్కో కొలతకు 16 బిట్లు. సిద్ధాంతరీత్యా కొలతల సంఖ్యలో సగం వరకు, అంటే 22,050 హెర్ట్జ్ వరకు గల ధ్వనులను ఇది నమోదు చేయగలదు. మనిషి చెవికి వినిపించే గరిష్ఠ పరిమితి సుమారు 20,000 హెర్ట్జ్. వయసుతో పాటు అదీ తగ్గుతూ పోతుంది.

ఈ లెక్కన గంట సంగీతానికి దాదాపు 635 మెగాబైట్ల స్థలం కావాలి. ఆ భారాన్ని తగ్గించేందుకు రెండు మార్గాలు ఉన్నాయి. ఎంపీ3 వంటి పద్ధతులు చెవి పసిగట్టలేదనుకున్న వివరాలను శాశ్వతంగా తొలగిస్తాయి. అత్యధికంగా సెకనుకు 320 కిలోబిట్ల వేగంతో తయారైన ఎంపీ3లో గంట సంగీతం సుమారు 144 మెగాబైట్లలో ఇముడుతుంది. 2001లో వెలువడిన ఫ్లాక్ పద్ధతి ఏ వివరాన్నీ పోగొట్టదు. ఫైల్ పరిమాణం సాధారణంగా సగానికి అటూఇటూగా తగ్గుతుంది, విప్పినప్పుడు మాత్రం అసలు అంకెలు యథాతథంగా తిరిగి వస్తాయి. యాపిల్ సంస్థ రూపొందించిన అలాక్ కూడా ఈ కోవలోనిదే.

ప్లేయర్ చేసే పని

ప్లేయర్ ఫైల్‌ను చదివి, అంకెలను విప్పి, ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా సౌండ్ కార్డుకు లేదా డ్యాక్ అనే పరికరానికి అందిస్తుంది. అంకెలను విద్యుత్ తరంగంగా మార్చేది ఆ పరికరమే. ఒకే ఫ్లాక్ ఫైల్‌ను సక్రమంగా విప్పిన ఏ రెండు ప్లేయర్ల నుంచైనా వెలువడే అంకెలు ఒక్కటే. వాటిని మార్చకుండా పంపినంతవరకు ఉచిత ప్లేయర్‌కు, ఖరీదైన ప్లేయర్‌కు మధ్య ధ్వనిలో తేడా ఉండేందుకు కారణం కనిపించదు.

తేడా వచ్చే సందర్భాలు లేకపోలేదు. విండోస్‌లో సాధారణంగా అన్ని అప్లికేషన్ల శబ్దాలు ఒక మిక్సర్‌లో కలుస్తాయి. పాట సెకనుకు 44,100 కొలతలతో ఉండి, సిస్టమ్‌లో 48,000 అని నిర్ణయించి ఉంటే, ఆ మిక్సర్ అంకెలను తిరిగి లెక్కగడుతుంది. విండోస్ విస్టాతో వచ్చిన వాసపి వ్యవస్థలోని ‘ఎక్స్‌క్లూజివ్’ విధానాన్ని ఎంచుకుంటే ప్లేయర్ ఈ మిక్సర్‌ను దాటి నేరుగా పరికరంతో మాట్లాడుతుంది. స్టైన్‌బర్గ్ సంస్థ రూపొందించిన ఏసియో కూడా ఇటువంటి మార్గమే. ఈక్వలైజర్, బాస్ బూస్ట్ వంటి సదుపాయాలు ఆన్‌లో ఉన్నా ధ్వని మారుతుంది. ఒక ప్లేయర్ ‘మెరుగ్గా’ అనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఏ ప్లేయర్‌లో ఏముంది?

ఫూబార్2000: 2002 నుంచి అందుబాటులో ఉన్న ఉచిత ప్లేయర్. తేలికైనది, అవసరమైన విభాగాలను విడిగా చేర్చుకోవచ్చు. ఇతర ప్లేయర్ల కంటే తమది మెరుగ్గా వినిపిస్తుందని దీని రూపకర్తలే చెప్పుకోకపోవడం విశేషం.

మ్యూజిక్‌బీ: విండోస్‌లో పనిచేసే ఉచిత ప్లేయర్. పెద్ద సేకరణలను గాయకులు, ఆల్బమ్‌ల వారీగా అమర్చుకోవడానికి అనువైనది. వాసపి, ఏసియో మార్గాలు రెండూ ఉన్నాయి.

వీఎల్‌సీ: ఫ్రాన్స్‌లో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఓపెన్ సోర్స్ ప్లేయర్. దాదాపు ఏ ఫైల్‌నైనా తెరుస్తుంది. వీడియోకు ప్రసిద్ధమైనా సంగీతానికీ పనికివస్తుంది.

స్ట్రాబెర్రీ: లినక్స్ వాడేవారికి తగిన ఓపెన్ సోర్స్ ప్లేయర్.

జేరివర్, ఆడిర్వానా, రూన్: ఇవి డబ్బు చెల్లించి వాడవలసినవి. గదికి తగినట్లు ధ్వనిని సరిదిద్దడం, ఇంట్లోని పలు స్పీకర్లకు పాటలు పంపడం, కళాకారుల వివరాలు చూపడం వంటి సదుపాయాల్లో వీటి బలం ఉంది. వీటికి చెల్లించే ధరను ఆ సౌకర్యాలకు ధరగా భావించడం ఉచితం.

కచేరీ వినేవారు గమనించవలసినది

రాగం, తానం, పల్లవి మూడు ట్రాకులుగా విడిపోయిన కచేరీలో, ఒకటి ముగిసి మరొకటి మొదలయ్యే చోట తంబుర శ్రుతి క్షణకాలం తెగితే రసభంగమే. ఎంపీ3 తయారీలో ఫైల్ మొదట, చివర కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది. దానిని తొలగించి విరామం లేకుండా వినిపించే ‘గ్యాప్‌లెస్’ సదుపాయం ప్లేయర్‌లో ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. ప్లేయర్ల మధ్య చెవికి స్పష్టంగా తెలిసే తేడాల్లో ఇది ఒకటి.

సరైన పోలిక ఎలా?

స్వల్పంగా బిగ్గరగా ఉన్న ధ్వనిని మనసు మెరుగైనదిగా గ్రహిస్తుంది. కనుక పోల్చే ముందు రెండు ప్లేయర్ల ధ్వని స్థాయిలు సమానంగా ఉండాలి. 2001లో ప్రతిపాదించిన రీప్లేగెయిన్ పద్ధతి పాటల మధ్య ఈ హెచ్చుతగ్గులను సరిచేస్తుంది.

రెండవ జాగ్రత్త, వినిపిస్తున్నది ఏదో వినేవారికి తెలియకూడదు. ఏబీఎక్స్ పరీక్షలో ఎ, బి అనే రెండు నమూనాలు వినిపించి, మూడవదైన ఎక్స్ వాటిలో ఏదో చెప్పమంటారు. 16 సార్లలో 12 లేదా అంతకంటే ఎక్కువ సార్లు సరిగ్గా చెబితే, అది కేవలం అదృష్టం అయ్యే అవకాశం 4 శాతం లోపే. ఒకే పాట యొక్క ఫ్లాక్, ఎంపీ3 ఫైళ్లను ఈ విధంగా పోల్చే ఉచిత విభాగం ఫూబార్2000కు ఉంది.

సీడీని మించిన ‘హై రిజల్యూషన్’ సంగీతంపై పరిశోధనలూ జరిగాయి. 2007లో మేయర్, మోరన్ ప్రచురించిన 554 పరీక్షల ఫలితాల్లో సరైన జవాబులు 49.8 శాతం. అంటే బొమ్మా బొరుసూ వేసినట్లే. 2016లో జాషువా రీస్ 18 ప్రయోగాలను కలిపి విశ్లేషించగా 52.3 శాతం వచ్చింది. తేడా ఉన్నా అతి స్వల్పమని, శిక్షణ పొందిన శ్రోతల్లో కొంత ఎక్కువని తేలింది.

పాత రికార్డింగుల విషయంలో

వినడం వేరు, భద్రపరచడం వేరు. తాతగారి గొంతు, అమ్మమ్మ పాడిన మంగళహారతి ఉన్న క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎంపీ3తో సరిపెట్టుకోరాదు. టేపు శిథిలమైతే మరో అవకాశం ఉండదు. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం కనీసం 48,000 కొలతలు, 24 బిట్లను సూచిస్తుంది. 96,000 కొలతలు మరింత మేలని చెబుతుంది. ఉచితంగా లభించే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌తో ఈ స్థాయిలో రికార్డు చేయవచ్చు. మూల ప్రతిని వేవ్ లేదా ఫ్లాక్ రూపంలో రెండు చోట్ల దాచి, బంధువులకు పంపేందుకు ఎంపీ3 ప్రతి తీసుకోవచ్చు. ఎంపీ3ను తరువాత ఫ్లాక్‌గా మార్చినా పోయిన వివరాలు తిరిగి రావు.

ఖర్చు ఎక్కడ పెట్టాలి?

ధ్వనిలో అత్యధిక మార్పు తెచ్చేవి మొదట రికార్డింగ్, తరువాత స్పీకర్లు లేదా హెడ్‌ఫోన్లు, ఆపై గది. సాధారణ బ్లూటూత్ హెడ్‌ఫోన్లు వాడితే ఫ్లాక్ ఫైల్ కూడా దారిలో మరోసారి కుదింపుకు గురై వివరాలు కోల్పోతుంది. ఉచిత ప్లేయర్‌ను సరిగ్గా అమర్చుకుని, మిగిలిన డబ్బుతో మంచి హెడ్‌ఫోన్లు కొనడం వివేకం.

అన్నిటికంటే విలువైన పరికరం చెవి. పెద్దలు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటల వరకు వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటోంది. ధ్వని 90 డెసిబెల్స్‌కు పెరిగితే ఆ వ్యవధి 4 గంటలకు పడిపోతుంది. దెబ్బతిన్న వినికిడిని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తెచ్చి ఇవ్వలేదు.