నమూనా ఇంజనుకు బ్రాడ్‌గేజ్ తెచ్చిన చిక్కు

బెంగళూరు దక్షిణాన ఎలక్ట్రానిక్ సిటీకి చేరువలోని హీలలిగె మీదుగా సేలం వెళ్లే రైలు మార్గంలో, విద్యుదీకరణ జరిగేదాకా డీజిల్ ఇంజన్లదే రాజ్యం. వాటిలో రైలు నమూనాలు చేసేవారు అమితంగా ఇష్టపడేది డబ్ల్యూడీఎం-2; అమెరికాకు చెందిన ఆల్కో సంస్థ రూపొందించిన ఈ 2,600 అశ్వశక్తి ఇంజను 1962లో దిగుమతి కాగా, 1964 నుంచి వారణాసిలో తయారైంది. ఆల్కో 1969లోనే మూతపడినా వారణాసిలో ఉత్పత్తి దశాబ్దాలపాటు సాగడం విశేషమే.

అసలు కొలతను 87వ వంతుకు కుదించే ‘హెచ్ఓ’ స్కేలులో సుమారు 17.1 మీటర్ల ఈ ఇంజను 197 మిల్లీమీటర్లకు దిగుతుంది. చిక్కంతా చక్రాల దగ్గరే: ఈ స్కేలులో బజారులో దొరికే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, అది 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కు సరిపోతుంది కానీ, 1,676 మిల్లీమీటర్ల భారతీయ బ్రాడ్‌గేజ్‌కు 19.3 మిల్లీమీటర్లు కావాలి. సిద్ధంగా దొరికే చక్రాలను బిగిస్తే అవి బోగీ, అంటే చక్రాలను మోసే చట్రం, పక్కపలకల వెనక లోతుగా నక్కి, ఎంత చక్కగా రంగులు వేసినా ఎదురుగా చూసినప్పుడు ఇంజను ఇరుకుకాళ్లతో నిలబడ్డట్టుంటుంది. పైగా ఆల్కో బోగీలోని మూడు ఇరుసుల మధ్య ఎడాలు సమానంగా ఉండవు. వాటిని సమానం చేసిన నమూనాను, తక్కిన పనితనం ఎంతటిదైనా, వాస్తవికమనడం కష్టం.