లైనక్స్‌లో జోడు కుదరకపోతే: ప్యాకేజీల తగాదా ఎట్ల తీరింది?



పాత లాప్‌టాప్ మీద లైనక్స్ వేసుకున్నోళ్ళు మన గ్రూపుల ఉన్నరు. ఏదన్న సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుంటే "బ్రోకెన్ ప్యాకేజెస్" అని వస్తది. భయపడి మొత్తం తుడిచేసి మళ్ళీ వేస్తే, చేసుకున్న ప్రాజెక్టు గూడ పోతది. ఈ తగాదా చరిత్ర తెలిస్తే అంత దూరం పోవాల్సిన పని లేదు.

పెబ్బేరు సంతల ఒక ఎద్దును కొన్నమనుకోండి. ఇంటికాడి ఎద్దుతో జోడు కుదరకపోతే, రెండూ మంచివే అయినా నాగలి సాగదు. ప్యాకేజీలు గూడ అంతే. ఒక ప్రోగ్రాం నడవాలంటే ఫలానా లైబ్రరీ, ఫలానా వెర్షన్ కావాలి. ఇంకో ప్రోగ్రాంకు అదే లైబ్రరీ పాత వెర్షన్ కావాలి. తగాదా అక్కడ మొదలైతది.

1993లో వచ్చిన స్లాక్‌వేర్‌లో ప్యాకేజీ అంటే ఫైళ్ళ మూట. దేనికి ఏం కావాల్నో మనిషే చూసుకోవాలి. అదే ఏడాది ఇయాన్ మర్డాక్ డెబియన్ మొదలుపెట్టిండు. డెబియన్ వాళ్ళు ప్రతి ప్యాకేజీలో ఒక చీటీ పెట్టిన్రు: నాకు ఏది అవసరం, ఏదానితో పడదు అని. డీపీకేజీ ఆ చీటీ చదివి లోపం చెప్తది, కానీ లేనిదాన్ని తానే తేదు. రెడ్ హ్యాట్ వైపు ఆర్‌పీఎంతో గూడ ఇదే తిప్పలు. ఒకటి దించితే ఇంకోటి అడిగేది. దీనికే "డిపెండెన్సీ హెల్" అని పేరు పడ్డది.

1998లో ఆప్ట్ వచ్చింది. 1999లో డెబియన్ 2.1తో అందరికీ అందింది. కావాల్సినవన్నీ భాండాగారం నుంచి వరుసగా అదే తెచ్చి పెట్టేది. అయినా చిక్కు పూర్తిగా పోలేదు. అన్ని షరతులకూ సరిపోయే కూర్పును వెతకడం లెక్కల్లోనే కఠినమైన సమస్య అని యూరప్ పరిశోధకులు నిరూపించిన్రు. 2008లో ఓపెన్‌సూసే 11.0 శాట్ సాల్వర్ అనే పద్ధతిని వాడింది. 2025లో ఆప్ట్ 3.0లో గూడ కొత్త సాల్వర్ చేరింది.

ఇప్పుడు మన పని. ముందు మెసేజ్ మొత్తం చదవండి. ఎవరికి ఏ వెర్షన్ కావాల్నో అందులోనే ఉంటది. తర్వాత "సుడో ఆప్ట్ అప్‌డేట్", ఆ వెనక "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్" పక్కన రెండు అడ్డగీతలు పెట్టి "ఫిక్స్-బ్రోకెన్" కొట్టండి. ఇంకా తీరకపోతే "ఆప్ట్-క్యాష్ పాలసీ" పక్కన ప్యాకేజీ పేరు రాస్తే, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తది. చాలాసార్లు దొంగ బయట నుంచి కలిపిన రిపాజిటరీనో, వేరే రిలీజ్ కోసం చేసిన డెబ్ ఫైలో అయితది. దాన్ని తీసేయండి. ఏవి తీసేస్తనంటుందో ఆ జాబితా చదవకుండ "వై" నొక్కొద్దు. బలవంతంగా ఎక్కించొద్దు.

ఈ పనిముట్లలో చాలావరకు వాలంటీర్లు చేసినవే. కోడ్ అందరికీ తెరిచే ఉంది. 2005లో హైదరాబాద్‌ల స్వేచ్ఛ సంస్థ తెలుగు లైనక్స్ తెచ్చింది గూడ ఆ దారిలోనే. ఎర్ర అక్షరాలు చదవడం నేర్చుకున్నోళ్ళు రేపు ఆ కోడ్ గూడ చదవగలరు, దిద్దగలరు.