ఆప్టామరుల కథ: పరీక్షనాళికనుండి నాడీమండలమునకు

వ్యాధిని గుర్తించుటకును, మాన్పుటకును వైద్యునకు కావలసినది వేలకొలది అణువులలో దోషియైన అణువును మాత్రమే పట్టుకొనగల సాధనము. మన శరీరమున ఈ పనిని ప్రతిరక్షకములను ప్రోటీనులు చేయుచున్నవి. కేంద్రకామ్లములచేతను ఆ పనిని చేయింపవచ్చునని 1990లో తేలినది.

దీనికి పునాది 1967లోనే పడినది. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయమున సాల్ స్పీగెల్‌మన్, ఆయన సహచరులు ఒక వైరసుయొక్క ఆర్.ఎన్.ఏ.ను జీవకణము లేకుండగనే పరీక్షనాళికలో తరతరములుగా పెంచిరి. త్వరగా వృద్ధిచెందు అణువులే నిలిచెను. డార్విన్ చెప్పిన ప్రకృతివరణము విడి అణువులకును వర్తించునని ఇందువలన తెలిసినది.

1990లో కొలరాడో విశ్వవిద్యాలయమున క్రెయిగ్ టుయెర్క్, లారీ గోల్డ్ అనువారు ఒక ఆర్.ఎన్.ఏ.లో ఎనిమిది స్థానములను యాదృచ్ఛికముగా మార్చిరి. ఒక్కొక్క స్థానమున నాలుగు క్షారములలో ఏదైనను ఉండవచ్చును గనుక మొత్తము 65,536 రకములు ఏర్పడెను. వానిని ఒక ప్రోటీనుతో కలిపి, అంటుకొనిన వానిని ఏరి, వృద్ధిచేసి, మరల కలిపిరి. ఇట్లు పలుమార్లు చేయగా ముఖ్యముగా రెండు రకములు మిగిలెను. ఒకటి ప్రకృతిలో ఉన్నదే. రెండవది నాలుగు స్థానములలో భిన్నమైనను ప్రోటీనును అంతే గట్టిగా పట్టుకొనెను.

అదే సంవత్సరము బోస్టనులో ఆండ్రూ ఎల్లింగ్టన్, జాక్ షోస్టాక్ అనువారు రంగుపదార్థములను పట్టుకొను ఆర్.ఎన్.ఏ.లను ఏరిరి. వేయికోట్ల అణువులలో సుమారు ఒకటి మాత్రమే అందుకు తగినట్లు ముడుచుకొనునని వారి అంచనా. ‘తగినది’ అను అర్థముగల లాటిన్ పదమునుండి ‘ఆప్టామరు’ అను పేరు కల్పించినవారు వీరే.

ఈ పద్ధతి త్వరలోనే నాడీవ్యాధులవైపు తిరిగినది. మయస్థీనియా గ్రావిస్ అను వ్యాధిలో శరీరపు ప్రతిరక్షకములే నాడి, కండరము కలియుచోటనున్న గ్రాహకములను దెబ్బతీయును, కండరములు నీరసించును. ఆ ప్రతిరక్షకములను దారి మళ్ళించు ఎర ఆర్.ఎన్.ఏ. 1997లో లభించినది. 2003లో మెదడు కంతికణములను ఉపయోగించి, ఆ కంతులలో హెచ్చుగానుండు టెనాసిన్-సి అను ప్రోటీనును పట్టుకొను ఆప్టామరును ఏరిరి. దానికి రేడియోధార్మిక టెక్నీషియము తగిలించి, ఎలుకలలో కంతులున్న తావును చూడగలిగినట్లు 2006లో ప్రకటించిరి.

అయితే రెండు చిక్కులు కలవు. రక్తములోని ఎంజైములు ఆర్.ఎన్.ఏ.ను నిమిషములలో ఛేదించును. రసాయనికముగా మార్చి ఈ చిక్కును తగ్గించిరి. రెండవది రక్తమునకు, మెదడునకు నడుమనున్న అవరోధము. మెదడును కాపాడు ఆ గోడయే మందును కూడ ఆపును.

అందుచేత తొలి విజయము కంటిలో లభించినది. కంటిపొర పిండదశలో మెదడునుండియే పుట్టును. సూదిమందును కంటిలోనికే ఎక్కించవచ్చును. వార్ధక్యమున చూపును హరించు ఒక వ్యాధికి పెగాప్టానిబ్ అను ఆప్టామరు మందును 2004 డిసెంబరులో అమెరికా ఆమోదించినది. తరువాత వచ్చిన ప్రతిరక్షక ఔషధములు దానిని వెనుకకు నెట్టినవి. 2023లో ఆమోదింపబడిన రెండవ మందు కూడ కంటికి సంబంధించినదే.

అదే 2023లో పక్షవాతపు రోగులపై ఆప్‌టోల్ అను ఆప్టామరును పరీక్షించిన ఫలితములు వెలువడెను. మెదడులో రక్తనాళము మూసుకొనినపుడు చెలరేగు వాపును అది అణచును. ఒక మోతాదులో మరణములును, వైకల్యమును తగ్గినట్లు కనబడెను. ఇది చిన్న పరీక్షయే. పెద్ద పరీక్షలలో నెగ్గిననే దీనిని మందనవలెను. వేయికోట్లలో ఒకదానిని ఏరుట మనుష్యునకు సాధ్యమైనది. దానిని మెదడు గోడ దాటించుటయే మిగిలిన పని.