మొవ్వునకు తగిలిన చలి

నిర్మలు నుండి ఆదిలాబాదునకు పోవు బాటలో మహబూబు ఘాటు ఎక్కిన పిమ్మట గాలి మారును. ఆ ఎత్తైన నేల మీదనే, కడెం వాగు పొచ్చెర వద్ద బండల మీదుగా దూకు ప్రాంతమున, బోథ్ ఉన్నది. తెలంగాణములో చలికి పేరుపడిన తావులలో ఇదియొకటి. సముద్రము దూరము. మార్గశిర పుష్య మాసములలో ఆకాశము తేటగా నుండును గనుక, పగలు నేల గ్రహించిన వేడి రాత్రివేళ అడ్డులేక పైకి పోవును. ఉత్తరపు పొడిగాలి దానికి తోడగును. ఆదిలాబాదు ప్రాంతమున తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగువకు జారుట సామాన్యమే. కొన్ని యేండ్లలో 5 డిగ్రీల దరికి కూడ పడినది.

ఇంత చలిలోను ఇచ్చటి తాడి, ఈత చెట్లకు బెదురు లేదు. ఈతకు చలికాలమే గీతకాలము. ఈ ఈతకు వృక్షశాస్త్రములో ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్ అని పేరు. ఆ పేరు వెంట వచ్చు రాక్స్‌బరో తెలుగునాటికి క్రొత్తవాడు కాడు. 1793లో కలకత్తా తోటకు అధికారిగా పోకముందు అతడు సామర్లకోటలో పనిచేసి, అచ్చట తోట వేసి, మిరియము మొదలగు పంటలు ఆ నేలకు పట్టునో పట్టవో పరీక్షించెను. ఒకచోటి చెట్టు మరియొకచోట బ్రతుకునా యన్నది ఆ కాలపు వృక్షశాస్త్రజ్ఞులకు పెద్ద ప్రశ్న. తాళజాతి చెట్ల విషయమున ఆ ప్రశ్న మరింత కఠినమైనది.

ఏలయన మామిడికి కొమ్మ విరిగినచో ప్రక్కనుండి వేరొక చిగురు వచ్చును. తాడి, కొబ్బరి, ఆయిల్ పామ్ వంటి ఒంటిమాను చెట్లకు ఆ వీలు లేదు. చెట్టు ప్రాణమంతయు తలపై నున్న మొవ్వులోనే కలదు. ఆకులు, గెలలు అన్నియు అందుండియే పుట్టవలెను. మట్టలు మాడినను చెట్టు కోలుకొనవచ్చును గాని, మొవ్వు చెడినచో మ్రాను ఎంత బలముగ నున్నను అంతటితో సరి. చలి ఒక్కసారిగా చంపుట అరుదు. గడ్డకట్టు చలికి మొవ్వులోని లేత కణములు చిట్లును. అందు శిలీంధ్రములు, సూక్ష్మజీవులు చేరి కుళ్ళబెట్టును. కొన్ని వారముల తరువాత మొవ్వాకును పట్టి లాగినచో ఊడి చేతికి వచ్చును. చలి పోయినదని తోటవాడు సంతోషించు వేళకు చెట్టు చచ్చియుండును!

చలిదేశములవారు ఈ చెట్లను మొదట అద్దాల ఇండ్లలో పెంచిరి. లండను దగ్గరి క్యూ తోటలో 1844 - 1848 నడుమ ఇనుముతోను గాజుతోను కట్టిన తాళగృహము నేటికిని కలదు. లోపల వేడినీటి గొట్టములు వేసి వెచ్చదనము కల్పించిరి. కాని అందరికిని గాజు ఇల్లు ఎక్కడిది? అందుచే చెట్లను క్రమక్రమముగ చలికి అలవాటు చేయవచ్చునను ఆశ 19వ శతాబ్దమున ప్రబలినది. 1854లో పారిసు నగరమున ఈ అలవాటు చేయు పనికై ఒక సంఘమే ఏర్పడెను.

ఆరుబయట నిలిచిన తాళవృక్షము మాత్రము అలవాటు వలన నిలిచినది కాదు. 1849లో రాబర్టు ఫార్చ్యూను చీనా దేశపు చూసన్ తాళమును క్యూ తోటకును, విక్టోరియా రాణి ఆస్‌బోర్ను తోటకును పంపెను. దాని మానునకు గోనె చుట్టినట్లు దట్టమైన పీచు ఉండును. చీనా రైతులు ఆ పీచుతో త్రాళ్ళు, వానకు కప్పుకొను వస్త్రములు చేసెడివారు. ఆ చెట్టు ఇంగ్లండు మంచులో ఆరుబయటనే పెరిగినది. దాని పూర్వికులు కొండచలిలో తరతరములుగ బ్రతికిన వగుటయే దానికి కారణము. దాని చుట్టము మన హిమాలయములలోనే కలదు. కుమావు కొండలలో మంచు కురియు ఎత్తులలో పెరుగు తాళమునకు ఇటలీ శాస్త్రజ్ఞుడు బెకారి 1905లో ట్రాకికార్పస్ టకిల్ అని పేరిడెను. ఒక చెట్టు తన జీవితకాలమున చలిని నేర్చుకొనగలిగినది స్వల్పమే. ఓర్పు చాలవరకు విత్తనముతో వచ్చును.

ఈ సంగతి బోథ్ రైతునకు దూరపు ముచ్చట కాదు. ఆయిల్ పామ్ పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికాలోని తడి గల వెచ్చని నేలలు. 1848లో జావాలోని బోగోరు తోటకు నాలుగు మొక్కలు చేరినవి. ఆగ్నేయాసియా తోటలలో పెక్కింటికి అవియే మూలము. తెలుగునాట ఇది గోదావరి జిల్లాలలోను, అశ్వారావుపేట ప్రాంతమునను బాగుగ కుదురుకొన్నది. 1995లో పెదవేగిలో దీనికై జాతీయ పరిశోధనా కేంద్రము వెలసెను. ఆ నేలలలో చలి మెత్తనిది. 2021 ఆగస్టులో కేంద్రప్రభుత్వము 11,040 కోట్ల రూపాయలతో నూనెతాళ పథకమును ఆమోదించెను. తెలంగాణములో సాగును విస్తరించు జిల్లాలలో నిర్మలు, ఆదిలాబాదులు కూడ చేరినవి.

ఆయిల్ పామునకు గడ్డకట్టు చలి అక్కరలేదు. 15 డిగ్రీల వద్దనే లేత మొక్కల పెరుగుదల నిలిచిపోవును. బోథ్‌లో పగలు ఎండ కాయును గనుక ఈ చలి చెట్టును చంపదు. కాని మొవ్వు పనిని మందగింపజేయును. పూగుత్తి మొవ్వులో రూపుదిద్దుకొన్న నాటినుండి గెల కోతకు వచ్చుటకు రెండేండ్లకు పైగా పట్టును. ఈ ఏటి చలి దెబ్బ లెక్క రైతునకు ఈ యేడే తెలియకపోవచ్చును. నాటినది మొదలు కోతకు నాలుగేండ్లు ఎదురుచూచి, పాతికేండ్ల పాటు ఆ తోట మీదనే ఆధారపడవలసిన వానికి ఇది చిన్న విషయము కాదు.

శాస్త్రజ్ఞులు మార్గమును మరల పుట్టినింటనే వెదకిరి. ఆఫ్రికాలోనే కామెరూను దేశపు బామెండా మెట్టలలోను, టాంజానియాలోని కిగోమా వద్దను ఎత్తుప్రదేశములలో పెరుగు ఆయిల్ పాములు కలవు. వానినుండి గింజలు తెచ్చి, కోస్టారికాలో సంకరపరచి, చలికి కొంత ఓర్చు రకములను తయారుచేసిరి. తూర్పు ఆఫ్రికా మెట్టలలో అట్టివానిని నాటిరి. మన పొలములలో ప్రస్తుతమున్న ఉపాయములు సామాన్యమైనవే. వానకాలము మొదటనే నాటుట, పాదులో ఆకుచెత్త పరచుట, బిందుసేద్యముతో నేలను తడిగా నుంచుట. తడినేల పగటి వేడిని పొడినేలకంటె ఎక్కువ దాచుకొనును. జూలైలో నాటిన మొక్క పుష్యమాసపు తొలి చలిని ఎదుర్కొను నాటికి దాని వేళ్ళ వయస్సు పొలములో అయిదారు నెలలు మాత్రమే.