ఉమ్మెత్త గింజ, నార్కో సూది

తెనాలిలో రేపల్లె ప్యాసింజర్ ఎక్కినప్పుడల్లా మా నానీమా ఒకటే మాట అనేది: "పరాయోళ్లు ఏమిచ్చినా నోట్లో పెట్టుకోవద్దు బేటా." బిస్కెట్లో మత్తుమందు పెట్టి నగలూ నగదూ ఊడ్చుకుపోయే దొంగల భయం అది. పెద్దవాళ్ల వహమ్ అని నవ్వుకునేవాణ్ని. తర్వాత చదువుతుంటే తెలిసింది, ఆ భయానికి చాలా పాత తారీఖ్ ఉందని. బాటసారులకు ఉమ్మెత్త గింజలు కలిపిన తిండి పెట్టి దోచుకునే ముఠాల గురించి పందొమ్మిదో శతాబ్దంలోనే ఇంగ్లిష్ డాక్టర్లు రాసిపెట్టారు. ఉమ్మెత్త తిన్నవాడు చచ్చిపోవాలని లేదు. కళ్లు తెరిచే ఉంటాయి, మాటలు వస్తూనే ఉంటాయి. ఆ మాటల మీద అతనికి అఖ్తియార్ ఉండదు, అంతే.

ఉమ్మెత్తలో ఉండే మందుల్లో ఒకటి స్కోపాలమిన్. అమెరికాలో టెక్సస్‌కు చెందిన రాబర్ట్ హౌస్ అనే కాన్పుల డాక్టరు 1916లో ఒక ఇంట్లో పురుడు పోయడానికి వెళ్లి, తల్లికి నొప్పి తెలియకుండా ఈ మందే ఇచ్చాడు. బిడ్డను తూచడానికి కాటా కావాలి. భర్త వెతికితే దొరకలేదు. మగతలో పడి ఉన్న ఆ తల్లే కాటా ఎక్కడుందో సరిగ్గా చెప్పింది. డాక్టరుకు ఒక ఖయాల్ పుట్టింది: ఈ నషాలో మనిషి అబద్ధం ఆడలేడన్నమాట! 1922లో డల్లాస్ జైల్లో ఇద్దరు ఖైదీల మీద పరీక్ష చేసి చూపించాడు. పత్రికలు దానికి 'సత్యం చెప్పించే మందు' అని పేరు పెట్టేశాయి. ఆ తర్వాత 1930లలో ఆపరేషన్ల మత్తు కోసం కనిపెట్టిన సోడియం పెంటథాల్ కూడా పోలీసుల దారి పట్టింది.

కాటా సంగతి నిజమే చెప్పింది కదా అంటారేమో. కానీ మత్తులో ఉన్న మనిషి చూసినదీ చెబుతాడు, విన్నదీ చెబుతాడు, కలగన్నదీ చెబుతాడు, అడిగేవాడు ఏది వినాలనుకుంటున్నాడో అదీ చెబుతాడు. ఏది ఏదో విడదీసే తరాజు ఏ లేబొరేటరీలోనూ లేదు. ఈ మందు ప్రభావంలో వచ్చిన ఇక్రార్ చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1963లోనే చెప్పింది. మన దేశంలో మాత్రం 2000 తర్వాతే దీనికి అసలు రోజులొచ్చాయి. తెల్గీ నార్కో వీడియోను టీవీలు తిప్పి తిప్పి చూపించిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. అతని మాట తడబడుతుంటే మనం ఇళ్లలో కూర్చుని తమాషా చూశాం.

2007 డిసెంబర్ 27. ఇబ్రహీంపట్నం హాస్టల్లో తెనాలికి చెందిన బి.ఫార్మసీ విద్యార్థిని హత్య. ఆ పిల్ల పేరు ఊరందరికీ తెలుసు, నేను మాత్రం రాయను. కానూన్ వద్దంటుంది, మనసూ ఒప్పుకోదు. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ వైపు ఒక పేద కుర్రాణ్ని పట్టుకొచ్చి, ఇతనే ఒప్పుకున్నాడన్నారు. బిడ్డను పోగొట్టుకున్న ఇంటివాళ్లే "వీడు కాదు, అసలు ముజ్రిమ్‌లు వేరే ఉన్నారు" అన్నారు. ఇలాంటి మాట ఎంతమంది తల్లిదండ్రులు అనగలరు?

అసలువాళ్లకు నార్కో చేయండి, నిజం కక్కుతారు అని తెనాలిలో నలుగురు కూడిన చోటల్లా ఒకటే మాట. నేనూ అన్నాను. అనడమేంటి, రాశాను కూడా. సూది గుచ్చితే ఇన్సాఫ్ కారుతుందన్నట్టు రాశాను. ఇప్పుడు ఆ కటింగ్ తీసి చూసుకుంటే సిగ్గేస్తుంది.

ఎందుకంటే అదే 2007లో, మే 18న హైదరాబాద్ మక్కా మస్జిద్‌లో బాంబు పేలింది. ఆ తర్వాత పాతబస్తీ కుర్రాళ్లను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. కొందరికి ఇదే నార్కో చేయించారు. ఆ పేలుడుతో వాళ్లకు సంబంధం లేదని తర్వాత తేలింది. 2012లో ప్రభుత్వం 70 మందికి పరిహారం ప్రకటించింది, మరుసటి ఏడాది హైకోర్టు దాన్నీ కొట్టేసింది. పాతబస్తీ పిల్లలకు సూది గుచ్చినప్పుడు దాన్ని జుల్మ్ అన్నాను. తెనాలి కేసులో నాకు గిట్టనివాళ్లకు అదే సూది గుచ్చాలన్నాను. రెండూ రాసింది ఒకే కలం.

మెదడు మీద మరో పద్ధతి కూడా నడిచింది. తలకు తీగల టోపీ పెట్టి, జుర్మ్ గురించి వాక్యాలు వినిపించి, లోపల 'అనుభవపు జ్ఞాపకం' ఉందో లేదో యంత్రం చెబుతుందన్నారు. 2008లో పుణె కోర్టు ఒక యువతికి యావజ్జీవం వేస్తూ ఆ రిపోర్టును కూడా లెక్కలోకి తీసుకుంది. అదే ఏడాది బెంగళూరు నిమ్హాన్స్ డైరెక్టర్ నాయకత్వంలోని కమిటీ ఈ పద్ధతికి శాస్త్రీయ ఆధారం చాలదని తేల్చింది.

2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. నార్కో గానీ, బ్రెయిన్ మ్యాపింగ్ గానీ, లై డిటెక్టర్ గానీ మనిషి రజామందీ లేకుండా చేయకూడదు. తనకు వ్యతిరేకంగా తానే గవాహీ ఇవ్వమని ఎవరినీ జబర్దస్తీ చేయకూడదన్న 20(3) అధికరణ మెదడు లోపలికి కూడా వర్తిస్తుంది. ఒప్పుకుని చేయించుకున్నా ఆ మాటలే సాక్ష్యం కావు, వాటి ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే అది పనికిరావచ్చు. హవాలాత్‌లో ఉన్నవాడి రజామందీ ఎంత రజామందీ అని నాకు ఇప్పటికీ అనుమానమే. అందుకే వకీలు ఉండాలి, మేజిస్ట్రేటు ముందు చెప్పాలి అన్న షరతులున్నాయి.

ఈ తీర్పు చదివినప్పుడు నాకు ఇమామ్ అబూ యూసుఫ్ గుర్తొచ్చారు. ఖలీఫా హారూన్ రషీద్ కోసం రాసిన కితాబుల్ ఖరాజ్‌లో ఆయన, కొట్టి భయపెట్టి రాబట్టిన ఇక్రార్‌తో శిక్ష వేయకూడదన్నారు. మాయిజ్ అనే ఆయన తన గునాహ్ తానే ఒప్పుకోవడానికి వస్తే, ఇతనికి పిచ్చేమైనా ఉందా, తాగి ఉన్నాడా అని రసూలుల్లాహ్ (స) విచారించిన సంగతి హదీసులో ఉంది. ఒకరు లేచి అతని నోటి వాసన కూడా చూశారు. ఇక్కడ మనం నషా ఎక్కించి మరీ ఇక్రార్ తీసుకోమంటున్నాం.

నందిగామ కుర్రాడికి 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని వదిలేసింది. మరుసటి ఏడాది కేసు సీబీఐకి వెళ్లింది. 2019 డిసెంబర్ 14న తెనాలి ఖబరస్తాన్‌లో పన్నెండేళ్ల నాటి ఖబర్ తవ్వి ఎముకలు పరీక్షకు తీసుకున్నారు. ఆ పొద్దు ఆ తల్లి పడిన బాధ గురించి నేనేం రాయను.

కిందటేడు బాపట్లలో జుమా నమాజ్ అయ్యాక ఒక పెద్దాయన నన్ను ఆపాడు. "నువ్వేమో నార్కో వద్దంటావు. మరి ఆ పిల్లకు ఇన్సాఫ్ ఎట్లా బేటా?" ఆ మాటకు కోపం రాలేదు, వెంటనే జవాబూ రాలేదు. కాసేపటికి చెప్పాను: "చాచా, హాస్టల్ గదిలో దొరికినవన్నీ కోర్టులో భద్రంగా ఉండాల్సినవి. అప్పీలు హైకోర్టులో ఉండగానే విజయవాడ కోర్టులో వాటిని ధ్వంసం చేసేశారు. దాని మీద సీబీఐ వేరే కేసు పెట్టాల్సొచ్చింది. మత్తు లేకుండా నిజం చెప్పగలిగినవి అవే."

"అంటే గవాహీని మనమే తగలబెట్టుకుని, మనిషి దిమాగ్‌లో వెతుకుతున్నామా?" అన్నాడాయన. చెప్పులు వేసుకుంటూ ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. నేను సాయంత్రం బండికి తెనాలి వచ్చేశాను.