ట్రావెల్ అంటే టూరేనా? ఆ మాట వెనక ఉన్న నొప్పి కథ

మన భువనగిరి అనే కాదు, ఏ ఊరి బస్టాండ్ దగ్గర నిలబడినా ఫలానా ట్రావెల్స్ అని ఒక బోర్డు కనిపిస్తది. ట్రావెల్ అనగానే మనకి గోవా, బీచ్, రీల్స్. కానీ ఆ మాట పుట్టినప్పుడు అందులో సరదా లేదు, నొప్పి ఉంది.

ఇంగ్లీషులో ట్రావెల్‌కి ఒక తోబుట్టువు ఉంది, ట్రవేయిల్. ఇప్పుడు పెద్దగా వాడరు. కాయకష్టం అనీ, పురిటి నొప్పులు అనీ దాని అర్థం. మొదట్లో రెండూ ఒకటే మాట, స్పెల్లింగ్ తర్వాత విడిపోయింది. 1066లో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ని ఏలారు కదా, వాళ్ల ఫ్రెంచ్ నుంచి వచ్చిందిది. ఫ్రెంచ్‌లో ఇప్పటికీ ‘ట్రావాయ్’ అంటే పని. ఇంకా వెనక్కి పోతే లాటిన్‌లో ‘ట్రిపాలియం’. ట్రి అంటే మూడు, పాలస్ అంటే కొయ్య. మూడు కొయ్యలకి మనిషిని కట్టి హింసించే పరికరం. ఎక్కువమంది భాషా పండితులు చెప్పే మూలం ఇదే. హింస కాస్తా కష్టం అయింది, కష్టం పని అయింది. 14వ శతాబ్దం నాటికి ఇంగ్లీషులో ప్రయాణం కూడా అయింది. బురద దారులు, దొంగల భయం, రోజుల తరబడి నడక. మరి నొప్పి కాక ఇంకేంటి?

మన ‘ప్రయాణం’ చూడండి. సంస్కృతం మాట. యానం అంటే పోవడం, ప్ర అంటే ముందుకు. ఎక్కడా చెమట కనిపించదు!

చెమట ఉంది, మాటలో కనిపించదంతే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, హైదరాబాద్ మీదుగా కాశీ పోయి, 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరారు. మజిలీ మజిలీకి రాసుకుంటూ పోయారు, అదే ‘కాశీయాత్ర చరిత్ర’. నాకు చాలా ఇష్టమైన పుస్తకం. కానీ ఆయన పల్లకీలో ఉన్నారు, మోసింది బోయీలు. దారి ఒక్కటే. లోపల కూర్చున్నాయనకి యాత్ర, భుజం మీద మోసినోళ్లకి ట్రవేయిల్.

ఇప్పుడు పాలమూరుకి వద్దాం. కృష్ణా నది పక్కనుంచే పారుతున్నా, వానల్లేక, చెరువులు ఎండి జనం ఊళ్లు విడిచారు. గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇస్తాడు, ఒక గుంపు కదుల్తది. దేశమంతా డ్యాములు, కాలువలు, రోడ్ల పనుల్లో ‘పాలమూరు లేబర్’ అనే పేరే పడిపోయింది. అడ్వాన్స్ తీరేదాకా తిరిగి రావడం కుదరదు.

దీన్ని ఎవరూ ప్రయాణం అనరు. పుస్తకాల్లో వలస అంటారు. బ్రౌన్ దొర 1852 నిఘంటువులో వలస అంటే శత్రుసైన్యానికి భయపడి ఇల్లు విడిచి పోవడం. ఇక్కడ సైన్యం లేదు, కరువు ఉంది. ఊళ్లో అయితే “బతకపోయిండు” అంటారు. ట్రావెల్ అసలు అర్థానికి దగ్గరి తెలుగు మాట ఇదేనని నాకనిపిస్తది.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు వేరే సిటీకి పంపిస్తే ట్రావెల్ అలవెన్స్ అని విడిగా డబ్బులొచ్చేవి. అలాంటి ఆఫీసు బిల్డింగులు కట్టే కూలీలకి ముందు చేతిలో పడేది మేస్త్రీ అడ్వాన్స్. అది కూలీలో కట్ అయిపోతది.

వచ్చే ఎపిసోడ్‌లో ‘సఫారీ’. అది మన సఫర్‌కి చుట్టమే. ఉంటా మరి!