ఉయ్యూరు చేరిన టెన్నిసన్

టెన్నిసన్ సమగ్ర రచనల్లో పాత పుస్తకాల పిచ్చివాళ్ళు వెతుక్కునేది ఎవర్‌స్లీ ముద్రణ. మాక్మిలన్ వారు 1907–08లో తొమ్మిది సంపుటాలుగా వేశారు. సంపాదకుడు కవిగారి కొడుకు హాలమ్. తండ్రి తన పద్యాల మీద రాసుకున్న వివరణలు కూడా అందులో చేర్చాడు. నా బీరువాలో ఉన్నవి నాలుగే. బెజవాడ లెనిన్ సెంటరులో, ఇంజనీరింగు గైడ్ల కింద దొరికాయి. మిగతా అయిదూ ఏవయ్యా అంటే, "అన్నదమ్ములు పంచుకుని ఉంటార్సార్" అన్నాడు కొట్టతను. కావచ్చు. మా వైపు పొలంతో పాటు బీరువా, బీరువాతో పాటు పుస్తకాలు వాటాల్లోకి వస్తాయి. లండన్ వర్తకుడు తెగిన సెట్టుని లెక్కచెయ్యడు. ఈ డెల్టా తేమలో నూరేళ్ళు గడిచినా చెదపట్టని కాగితానికి వేరే లెక్క ఉండాలని నా వాదన.

ఇంగ్లీషు కవులు మా జిల్లాలో ముందు దిగింది బందరులో. రాబర్ట్ నోబుల్ 1843లో అక్కడ బడి పెట్టాడు. అదే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. 1864 నవంబరు ఉప్పెన బందరును ముంచింది, మరుసటేడు నోబుల్ పోయాడు, బడి మాత్రం నిలిచింది. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు పాఠం చెప్పింది, పట్టాభి సీతారామయ్య గారు విన్నదీ ఆ కాలేజీలోనే. మద్రాసు మౌంట్ రోడ్డులో హిగిన్‌బాథమ్స్ పుస్తకాల కొట్టు 1844 నుంచీ ఉంది. బెజవాడ–బందరు రైలు 1908లో పడింది, అదీ గుడివాడ మీదుగా. ఉయ్యూరుకు ఈనాటికీ రైలు లేదు. కనక ఆ రోజుల్లో ఇక్కడికొచ్చిన ఏ టెన్నిసనైనా బందరు రోడ్డున ఎడ్లబండిలోనో, పుల్లేరులో పడవ మీదో వచ్చి ఉండాలి.

ఈ కవుల్ని పరీక్షకు చదివి మూలన పడేసినవాళ్ళే ఎక్కువ. కొందరు మాత్రం మరో పని చేశారు. కృష్ణకు ఆవలి ఒడ్డున, బాపట్ల తాలూకాలో పుట్టిన రాయప్రోలు సుబ్బారావు గారు గోల్డ్‌స్మిత్ 'హెర్మిట్'ను 'లలిత' చేశారు, టెన్నిసన్ 'డోరా'ను 'అనుమతి' చేశారు. 'లలిత' 1909 నాటిది. అంటే అక్కడ ఎవర్‌స్లీ సంపుటాలు అచ్చయిన మరుసటేడే ఇక్కడ భావకవిత్వానికి నారు పోస్తున్నారు. ఆ 'డోరా' కథ కూడా టెన్నిసన్ సొంత పంట కాదు. మేరీ రసెల్ మిట్‌ఫర్డ్ రాసిన పల్లె కథ నుంచి కొంత తీసుకున్నానని 1842లోనే చెప్పుకున్నాడు.

ఈ 'డోరా'తో నా క్లాసులో ఏటా ఒక చిక్కు వచ్చేది. ఆలన్ అనే రైతు తన కొడుకు విలియంని డోరాని చేసుకోమంటాడు. వాడు కాదంటే ఇంట్లోంచి పొమ్మంటాడు. వాడు కూలివాడి కూతుర్ని చేసుకుని, కూలిపనుల్లో అరిగి, కోతల కాలంలో జ్వరంతో చచ్చిపోతాడు. డోరా వాడి బిడ్డని ఎత్తుకెళ్ళి గోధుమచేలో ముసలాయన కంటపడేలా కూర్చుంటుంది. కన్నీళ్ళు రావలసిన చోటు. మా పిల్లలకు రావు. డోరా ఎవరు? ఆలన్ తమ్ముడో అన్నో, వాడి కూతురు. "చెల్లెలు కదా మాస్టారూ, ఎలా చేసుకుంటాడు?" మేనత్త కూతురైతే తండ్రి పట్టుదల వీళ్ళకి ఇట్టే అర్థమయ్యేది. పెదనాన్న, చిన్నాన్న బిడ్డలు మనకు అన్నాచెల్లెళ్ళు. దాంతో క్లాసు మొత్తం విలియం పక్షం చేరి, కవి చెప్పించాలనుకున్న విధేయతను కాలదన్నేది. అది తప్పు చదువని నేనెన్నడూ అనుకోలేదు.

నా సంపుటంలో ఆ పద్యం పక్కన అంచు మీద పెన్సిలుతో, పాత గొలుసుకట్టు తెలుగులో, "చెల్లెలే!" అని ఉంది. ఎవరో తెలీదు, పేజీలో పేరు లేదు. నా క్లాసుకు చాలా ముందే ఎవరికో అదే అనుమానం తగిలిందన్నమాట.

కిందటి వేసవిలో ఆ సంపుటం కుట్లు తెగితే బైండింగుకిచ్చాను. జిగురులో మైలుతుత్తం కలపమన్నాను. ఉత్త మైదా జిగురైతే పురుగుని పిలిచి భోజనం పెట్టినట్టే. బైండరు అంచులు మూడు వైపులా మిషను మీద కోస్తే కొత్తదానిలా ఉంటుందన్నాడు. కుట్టి, అట్ట వేసి, అంచు ముట్టుకోకుండా ఇమ్మన్నాను. కోయనందుకు కూలి తగ్గిస్తాడేమో అనుకున్నా, తగ్గించలేదు.